మా అత్త రాస్తుంది, పాడదు. ఆమె పాటకు ట్యూన్ కట్టడంలో ఎక్కడ తప్పుతున్నాను?

వరంగల్ కీబోర్డు:

మాది జనగామ దగ్గర ఊరు. వరంగల్‌లో ఉద్యోగం చేస్తూ, సాయంత్రాలు గదిలో కీబోర్డు, మైకు పెట్టుకుని పాటలు చేస్తుంటాను. రాసేది మా మేనత్త. ఊళ్ళో బ్లౌజులు కుడుతుంది. కొలతలు రాసుకునే నోటుబుక్కులోనే చివరి పేజీల నుంచి వెనక్కి పాటలు రాసుకుంటూ వస్తుంది. ఇప్పటికి నలభై దాకా అయ్యాయి. ఒక్కటి కూడా పాడదు, కూనిరాగం కూడా తీయదు. బతుకమ్మ దగ్గర కూడా చప్పట్లు కొడుతుంది తప్ప గొంతు కలపదు. "రాసుడు నా పని, పాడుడు నీ పని" అంటుంది.

ఈమధ్య రాసిన పాట ఇలా మొదలవుతుంది:

చెరువు నిండిన నాటి రాతిరి
కునుకు పట్టదు అమ్మ కంటికి

వాళ్ళ ఇల్లు చెరువు కట్ట కిందే ఉండేది. చెరువు నిండి నీళ్ళు మత్తడి మీది నుంచి దుంకుతుంటే ఊరంతా చూడటానికి పోయేదట. మా నాయనమ్మ మాత్రం కట్ట తెగుతుందేమోనని పిల్లలను దగ్గర పెట్టుకుని తెల్లవార్లూ కూర్చునేదట.

నేను ఫోర్ బై ఫోర్ రిథమ్‌లో, అంటే నాలుగేసి లెక్కల తాళంలో ట్యూన్ కట్టాను. అందులో "చెరువు" సరిపోలేదు. "చెరువూ" అని సాగదీస్తే వినడానికి బాగాలేదు. దాంతో "చెరువులు నిండిన" అని మార్చి పాడి పంపాను. ఒక్క అక్షరమే కదా అనుకున్నాను. అత్త విని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మనూరికి ఉన్నది ఒక్కటే చెరువు అల్లుడా, చెరువులు ఎక్కడియి?" అని ఫోన్ పెట్టేసింది. పది రోజులైంది, కొత్త పాట పంపలేదు. నాకు చాలా బాధగా ఉంది.

తను పాడదు కాబట్టి పాడటంలో ఉండే ఇబ్బంది ఆమెకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. ఇంకో టెన్షన్ కూడా ఉంది. ఒక చానెల్ వాళ్ళు ఈ పాట తీసుకుంటామన్నారు. పాడింది, ట్యూన్ చేసింది నేనే కాబట్టి నా సంతకం ఒక్కటే చాలంటున్నారు. నిజమేనా?

తెనాలి తెలుగు మాస్టారు:

బాబూ, ఇబ్బంది మీ అత్తగారి మాటలో లేదు. పొట్టిగా పలికే అక్షరానికి (లఘువు) ఒకటి, నిడివిగా పలికేదానికి (గురువు) రెండు చొప్పున మాత్రలు లెక్కపెట్టి చూడు. చెరువు 3, నిండిన 4, నాటి 3, రాతిరి 4. రెండో పాదం కూడా అంతే: కునుకు 3, పట్టదు 4, అమ్మ 3, కంటికి 4. ఎక్కడా తేడా లేదు. ఇది మూడు, నాలుగు కలిసిన మిశ్రగతి. గురజాడ ముత్యాల సరం నడక ఇదే. మన పల్లె పాటల్లోనూ ఉంది. ఆమె ఛందస్సు చదువుకుని రాసి ఉండకపోవచ్చు, కానీ చెవి అంత నిక్కచ్చిగా ఉంది. నువ్వు ఏడు మాత్రల పాటను తీసుకెళ్ళి నాలుగు నాలుగు గడుల్లో కూర్చోబెట్టావు. అందుకే "చెరువు"లో నీకు ఒక మాత్ర తక్కువైంది. ఆ ఖాళీ నింపడానికి ఊరికి లేని చెరువులు తవ్వాల్సివచ్చింది.

ఆమెను పాడమని బలవంతం చేయకు. చదవమని అడుగు. పాడనివాళ్ళు కూడా తమ పాట చదివేటప్పుడు ఎక్కడ ఆగాలో అక్కడే ఆగుతారు. అది ఫోన్‌లో రికార్డు చేసుకో. కృష్ణశాస్త్రిగారు గొంతు పోయి కాగితం మీద రాసి మాట్లాడాల్సివచ్చిన రోజుల్లో కూడా పాటలు రాశారు. పాట రాయడానికి కావలసింది లోపల వినిపించడం. మీ అత్తగారికి వినిపిస్తోంది.

ట్రాక్ సింగర్, హైదరాబాద్:

తమ్ముడూ, మాస్టారు చెప్పింది నిజం. పాడేవాడి వైపు నుంచి ఇంకొంచెం చెప్తాను. సినిమాల్లో ఎక్కువగా ముందు ట్యూన్ వస్తుంది, తననాలతో పాడి పంపిస్తే రచయిత అందులో మాటలు కూరుస్తారు. దానికి అలవాటుపడి మనం ట్యూన్ కదలదు, మాటే కదలాలి అనుకుంటాం. మీ దగ్గర మాట ముందు పుట్టింది కదా, కదలాల్సింది ట్యూనే.

నిజంగా మాట మార్చక తప్పని చోట్లు కొన్ని ఉంటాయి. పై స్థాయిలో "ఇ" కారం మీద సాగదీసి నిలబడటం చాలా గొంతులకు కష్టం, "ఆ" అయితే నోరు తెరుచుకుంటుంది. "రాతిరి" చివర నువ్వు పైకి వెళ్తున్నావా? వెళ్తుంటే ఆ సాగదీతను "రా" మీదికి జరుపు. ఊపిరి చాలకపోతే మాట తీసేయకు, ఊపిరి తీసే చోటు మార్చు. అప్పటికీ కుదరకపోతే "అత్తా, ఇక్కడ నాకు నోరు తెరుచుకోవడం లేదు, ఆ కారం ఉన్న మాట ఏదైనా ఉందా" అని అడుగు. వేరే మాట ఆమే ఇవ్వాలి. నేను ఒక పాటలో అడగకుండా ఒక మాట మార్చాను. ఆ రచయిత మళ్ళీ నాకు ఫోన్ చేయలేదు. ఏడేళ్ళయింది.

కాగితం పని చూసే అక్క:

నీ సంతకం ఒక్కటే చాలదు తమ్ముడూ. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం పాట మాటలు సాహిత్య రచన, ట్యూన్ సంగీత రచన. రెండూ వేరువేరు. మాటల మీద హక్కు మీ అత్తది. హక్కు రాసిస్తే ఆమె సంతకంతో కాగితం మీదే ఉండాలి, ఎన్నేళ్ళకు, ఏ ప్రాంతానికి అన్నది కూడా రాయించండి. కాలం రాయకపోతే 5 ఏళ్ళు, ప్రాంతం రాయకపోతే భారతదేశం అని చట్టం లెక్కేస్తుంది. 2012 సవరణ తర్వాత, పాట రాసినవాళ్ళు తమ రాయల్టీ వాటా పూర్తిగా వదులుకున్నట్టు కంపెనీకి రాసిచ్చినా చెల్లదు. పాటల రాయల్టీ వసూలు చేసిపెట్టే ఐపీఆర్‌ఎస్ అనే సంస్థలో రచయితగా ఆమె, స్వరకర్తగా నువ్వు విడివిడిగా సభ్యులు కావచ్చు.

ఆమె పేరు వీడియో కింద ఎక్కడో కాదు, నీ పేరు పక్కనే వేయి. 2023లో తెలుగు పాటకు ఆస్కార్ వచ్చినప్పుడు దాన్ని అందుకున్నది స్వరకర్త కీరవాణి, రచయిత చంద్రబోస్. ఆ అవార్డు పాడినవాళ్ళకు ఇచ్చేది కాదు.

వరంగల్ కీబోర్డు:

మాస్టారూ, అన్నా, అక్కా, అందరికీ దండాలు. ఆదివారం ఊరికి వెళ్ళాను. అత్త బ్లౌజుకు హుక్స్ కుడుతోంది. ముందు తప్పయిందని చెప్పాను. తర్వాత పాట చదవమన్నాను. తల ఎత్తకుండానే చదివింది. ప్రతిసారీ "చెరువు" తర్వాత చిన్నగా ఆగుతోంది, సరిగ్గా మూడు మాత్రల దగ్గర. ఇన్నాళ్ళూ నేను ఆ నోటుబుక్కు ఫొటోలు తెప్పించుకున్నానే కానీ ఒక్కసారి కూడా చదివించుకుని వినలేదు.

అక్కడే కూర్చుని కీబోర్డులో రిథమ్ ఏడు లెక్కల సెవెన్ బై ఎయిట్‌కు మార్చాను. "చెరువు" హాయిగా కూర్చుంది, ఒక్క మాట కూడా మార్చలేదు. రెండుసార్లు పాడి వినిపించాను. అత్త సూది పక్కన పెట్టి, "నాటి అన్నకాడ ఇంకొంచెం ఆగు. అమ్మ ఆడ ఆగి కట్ట దిక్కు చూసేది" అన్నది. ఆగి పాడాను. ఇంకోసారి అన్నది. ఇంకోసారి పాడాను.

చానెల్ వాళ్ళకు అత్త సంతకం కూడా ఉంటేనే ఇస్తామని మెసేజ్ పెట్టాను. ఇంకా జవాబు లేదు. బస్సెక్కేటప్పుడు రెండో చరణం కాగితం చింపి ఇచ్చింది. దాని వెనక ఎవరిదో భుజం కొలత, చేతి పొడవు ఉన్నాయి. అవి ఫొటో తీసి అత్తకు పంపించాలి.