హార్ప్‌కి రాయాలంటే కార్లోస్ సాల్జెడో దగ్గర ఏం చూడాలి?

ప్రశ్న
కీబోర్డు శాంపిళ్లతో (రికార్డు చేసిన హార్ప్ శబ్దాలతో) కట్టిన ఒక హార్ప్ భాగాన్ని అసలు వాద్యం మీద వాయించాలి. అందులో క్రోమాటిక్ పరుగులు (అర్ధస్వరాలన్నీ వరుసగా), చేతికి ఐదేసి స్వరాల కార్డులు (ఒకేసారి మోగే స్వరాల గుంపులు) ఉన్నాయి. ఇవి హార్ప్ మీద పలకవని, సాల్జెడోని చదవమని అన్నారు. ఆయన ప్రధానంగా వాద్యకారుడా, స్వరకర్తా? ఏ రచనతో మొదలుపెట్టాలి?

జవాబు 1
రెండూనండీ, ఆయన విషయంలో ఒకదాన్నుంచి ఇంకోదాన్ని విడదీయలేం. 1885లో ఫ్రాన్స్‌లోని ఆర్కషాన్‌లో పుట్టారు. 1901లో పారిస్ కన్సర్వేటరీలో హార్ప్‌కీ పియానోకీ ఒకే రోజు ప్రథమ బహుమతులు. 1909లో ఆర్కెస్ట్రా నిర్వాహకుడు టోస్కనీని పిలుపు మీద న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరాకి హార్పిస్టుగా వెళ్లారు. 1921లో స్వరకర్త ఎడ్గార్ వరేజ్‌తో కలిసి ఇంటర్నేషనల్ కంపోజర్స్ గిల్డ్ స్థాపించారు. 1924లో ఫిలడెల్ఫియా కర్టిస్ ఇన్‌స్టిట్యూట్‌లో హార్ప్ విభాగం, 1931లో మేన్ రాష్ట్రం కామ్డెన్‌లో వేసవి హార్ప్ శిక్షణ. 1961లో పోయేదాకా పాఠం చెబుతూనే ఉన్నారు.

మీకు ముందు కావలసింది 1921 నాటి 'మోడర్న్ స్టడీ ఆఫ్ ది హార్ప్'. తీగ మీద గోటితో, సౌండ్‌బోర్డు (మోతనిచ్చే చెక్క పలక) మీద తట్టి, బేస్ లోహపు తీగలపై అరచేయి జరిపి ఏ శబ్దం వస్తుందో, దాన్ని ఏ గుర్తుతో రాయాలో అందులో ఉంటుంది. ఆ తర్వాత ఆయన రచన 'షాన్సో దా లా న్వీ' స్కోరు (స్వరలిపి) చూస్తూ వినండి. చిన్నది, ఆ శబ్దాలు కొన్ని అందులోనే తగులుతాయి. 'సింటిలేషన్' తర్వాత చూడొచ్చు, అది కచేరీ స్థాయి.

జవాబు 2
మీ భాగం ఎందుకు పలకదో చెప్తాను. తీగలు 47, పెడళ్లు ఏడు. సప్తకానికి పన్నెండు తీగలు లేవు, ఏడే. ఎడమ కాలికి డి, సి, బి స్వరాల పెడళ్లు. కుడి కాలికి ఇ, ఎఫ్, జి, ఎ. ప్రతి పెడల్‌కీ మూడు గాడులు: పైన ఫ్లాట్ (అర్ధస్వరం తక్కువ), మధ్యలో నేచురల్ (మామూలు స్వరం), కింద షార్ప్ (అర్ధస్వరం ఎక్కువ). సి పెడల్ తొక్కితే వాద్యంలోని సి తీగలు దాదాపు అన్నీ ఒక్కసారే మారతాయి. సి, సి షార్ప్, డి, డి షార్ప్ అని వేగంగా వెళ్లాలంటే రెండు పెడళ్లూ ఎడమ కాలికే పడతాయి, పైగా మోగుతున్న తీగనే మళ్లీ మీటాలి. నెమ్మదిగా అయితే ఫరవాలేదు. తీగ ఇంకా మోగుతుండగా పెడల్ మార్చితే దాంతో తిరిగే, పైనున్న డిస్కు పిన్నులు కంపిస్తున్న తీగని పట్టుకుంటాయి, జివ్వుమంటుంది. అందుకే ఆ తీగని ముందు ఆపాలి, లేదా మోత తగ్గేదాకా ఆగాలి.

కార్డుకి చేతికి నాలుగే స్వరాలు, చిటికెన వేలు వాడరు. దశమం (పదో స్వరం) దూరం మాత్రం పియానో కంటే సులువు, తీగలు దగ్గరగా ఉంటాయి. ఒకే స్వరం గబగబా కావాలంటే సి షార్ప్, డి ఫ్లాట్ అని రెండు తీగల మీద పంచండి. డి, జి, ఎ నేచురల్స్‌కి ఆ వెసులుబాటు లేదు.

ప్రశ్న అడిగినవారు
మోహన స్వరాలతో గ్లిస్సాండో (తీగల మీద వరుసగా వేలు జార్చడం) వస్తుందా?

జవాబు 2
హాయిగా. సి షడ్జమం అనుకుంటే బి షార్ప్, ఎఫ్ ఫ్లాట్ పెట్టండి, మిగతావి నేచురల్. బి తీగ సి అవుతుంది, ఎఫ్ తీగ ఇ అవుతుంది. సరిగపద మాత్రమే మిగులుతాయి. శంకరాభరణం నుంచి మారడానికి కాలికొక్క పెడల్, రెండూ ఒకేసారి. షడ్జమం, గాంధారం మాత్రం జంటగా మోగుతాయి కాబట్టి కాస్త ముందుకొస్తాయి. గమకం ఆశించకండి. పెడల్ జారుడుతో ఒక్కో గాడికి అర్ధస్వరం దూరం జారుతుంది, అంతే.

జవాబు 3
స్కోరులో పెడళ్ల బొమ్మ తప్పక వేయండి. సాల్జెడో వ్యాప్తిలోకి తెచ్చిన పద్ధతే: ఒక అడ్డగీత, దానికి ఎగువన ఉన్న గీటు ఫ్లాట్, సరిగ్గా గీత మీదే ఉన్నది నేచురల్, దిగువన ఉన్నది షార్ప్. ఎడమ మూడింటికీ కుడి నాలుగింటికీ మధ్య నిలువు గీత. మొదటి మీటుకి ముందొకటి, రిహార్సల్ అక్షరం (సాధనలో మళ్లీ మొదలుపెట్టే చోటు గుర్తు) దగ్గర మళ్లీ ఒకటి. లేకపోతే మధ్యలో ఆపి మొదలుపెట్టినప్పుడల్లా వాయించేవారు పెడళ్లు మొదటి నుంచి లెక్కేసుకోవాలి. హార్మోనిక్స్ (తీగని మధ్యలో తాకి మీటే స్వరాలు) రాసిన స్థాయి కంటే సప్తకం పైన మోగుతాయన్న మాట కూడా పేజీ కింద రాసి పెట్టండి, స్వరకర్తకో రకం అలవాటు ఉంది.