నిద్రమత్తులో బండి నడిపినవాణ్ణి తాగి నడిపినవాడిలాగే శిక్షించాలా?

మైలురాయి:
కచ్చితంగా శిక్షించాలి. తాగినవాడు ఆలస్యంగానైనా బ్రేక్ మీద కాలు వేస్తాడు, కునుకు పట్టినవాడు అదీ వెయ్యడు, అందుకే ఇలాంటి ప్రమాదాల్లో చాలాసార్లు రోడ్డు మీద టైర్ల గీతలే కనపడవు. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో 4 సెకన్లు రెప్ప వాలితే బండి 110 మీటర్లు దానంతటదే పోతుంది. 17 గంటలు మేలుకుని ఉన్న మనిషి పనితీరు రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని, 24 గంటలైతే 0.10 దాకా వెళ్తుందని 1997లోనే ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. అలాంటప్పుడు ఒకడు నేరస్తుడు, ఇంకొకడు "పాపం, కన్ను అంటుకుంది" ఎలా అవుతాడు?

సూటిప్రశ్న:
సరే, రుజువు ఎలా చేస్తారు? మందు సంగతి ఊదిస్తే తెలుస్తుంది. నిద్రకు అలాంటి మిషన్ లేదు, పైగా గుద్దిన మరుక్షణం ఆ భయానికే మత్తంతా వదిలిపోతుంది. తాగడం మన ఇష్టం, నిద్ర వద్దన్నా వస్తుంది.

మైలురాయి:
వద్దన్నా వస్తుంది గానీ చెప్పకుండా రాదండీ. ఆవులింతలు ఆగవు, కళ్లలో ఇసుక పోసినట్టు ఉంటుంది, దాటొచ్చిన మలుపు గుర్తుండదు, చక్రం అంచు గీత ఎక్కి స్టీరింగ్ దడదడలాడితే గానీ మెలకువ రాదు. ఇన్ని తెలిసీ "ఇంకో అరగంటే కదా" అని తొక్కేవాడు ఎంచుకున్నట్టే. అమెరికాలోని న్యూజెర్సీలో 2003లోనే చట్టం చేశారు, 24 గంటలకు పైగా నిద్ర లేకుండా నడిపి ఎవరి ప్రాణమైనా తీస్తే దాన్ని నిర్లక్ష్యపు నేరం కింద చూడొచ్చు.

లోడుబండి:
మీరిద్దరూ సొంత కారులో వెళ్లేవాళ్ల గురించే మాట్లాడుతున్నారు, నేను సరుకు బండి నడుపుతాను కాబట్టి అటువైపు సంగతి చెప్తాను. తెల్లవారుజామున 2 నుంచి 6 దాకా ఒంట్లో గడియారమే పడుకోమంటుంది, ఎంత అలవాటున్నవాడికైనా అంతే. అద్దం దించినా, పాటలు పెట్టినా కాసేపే, కాఫీ పనిచెయ్యడానికి అరగంట పడుతుంది. పనికొచ్చేది ఒక్కటే, బండి పక్కన పెట్టి ఇరవై నిమిషాలు కన్ను మూయడం. మూస్తే ఏమవుతుందో తెలుసా? జీపీఎస్‌లో బండి ఆగినట్టు కనపడగానే ఆఫీసు నుంచి ఫోన్, "ఎందుకు ఆపావ్, లోడు లేటైతే కిరాయిలో కోస్తారు" అని. యూరప్‌లో నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాలు ఆపి తీరాలనే రూల్ ఉంది, అలాంటిది లేకుండా, ఉన్నా అమలు చెయ్యకుండా డ్రైవర్ని మాత్రం జైల్లో వేస్తామంటే నేను ఒప్పుకోను. ఆ టైమ్ పెట్టినవాణ్ణి కూడా బోనులో నిలబెట్టండి, అప్పుడు నా శిక్ష నేను పడతాను.

సూటిప్రశ్న:
లోడుబండి గారూ, నేనడిగిన రుజువు మీ మాటల్లోనే దొరికింది. బండి ఎన్ని గంటలు ఆగకుండా తిరిగిందో ఆ జీపీఎస్‌లోనే ఉంటుంది, ఫోన్ ఎవరు చేశారో కూడా తెలుస్తుంది. అద్దె బండ్లకు, సరుకు బండ్లకు మీరన్నట్టు ఇద్దరి మీదా కేసు పెట్టొచ్చు, ఇందులో నా అభిప్రాయం మార్చుకుంటున్నాను. సొంత కారు విషయంలో మాత్రం నా అభ్యంతరం అలాగే ఉంది, రాత్రంతా పడుకున్నాడో లేదో ఎవరు చెప్పాలి?

మైలురాయి:
పక్క సీట్లో కూర్చున్నవాళ్లు చెప్పాలి. ముందు వాళ్లు నిద్రపోకుండా ఉండాలి.