రంగా గారి జయంతికి ఐదు నిమిషాలు మాట్లాడాలి, ఏం చెప్పను?

పొన్నూరు చందు

అందరికీ నమస్కారం. మా గ్రంథాలయంలో నవంబర్ 7న ఆచార్య ఎన్.జి.రంగా గారి జయంతి చేస్తున్నారు. ఈసారి కుర్రాళ్లు మాట్లాడాలని పెద్దలు పట్టుబట్టి, నన్ను అడక్కుండానే నా పేరు రాసేశారు. అంశం "రైతుల కోసం కలం పట్టిన నాయకుడు". నేను చేసేది బ్యాంకు ఉద్యోగం. పొలం గట్టు ఎక్కి ఏళ్లయింది.

పాత పత్రికలు తిరగేశాను. ఎక్కడ చూసినా ఒకటే పాట: రైతు బాంధవుడు, కర్షక పక్షపాతి, కృషీవలుల ఆశాజ్యోతి. రంగా గారి పేరు తీసేసి ఇంకో నాయకుడి పేరు పెట్టినా చక్కగా అతికిపోతుంది. ముందు వరసలో కూర్చునేది ఆయన్ని కళ్లారా చూసినవాళ్లు. ఇదే చదివితే మొహం మీదే నవ్వుతారేమోనని టెన్షన్‌గా ఉంది. ఆయన గురించే చెప్పినట్టుండే మాటలు నాలుగు చెప్పండి, పుణ్యం ఉంటుంది.

ప్రూఫుల తాత

చందూ, నేను ఒక వ్యవసాయ మాసపత్రికలో ఇరవై రెండేళ్లు ప్రూఫులు దిద్దాను. ఏటా నవంబర్ సంచికకి రంగా గారి మీద ఒక వ్యాసం వచ్చేది. రాసేవాళ్లు మారేవాళ్లు గానీ వ్యాసం మారేది కాదు. నువ్వు చెప్పిన మూడు బిరుదులూ నా చేతి మీదుగా ఎన్నిసార్లు వెళ్లాయో లెక్క లేదు.

ముందు నా తప్పు ఒకటి చెబుతాను, తర్వాత నీ సంగతికి వస్తాను. ఒకసారి మిరపలో పైముడతకి కొట్టే మందు గురించి వ్యాసం వేశాం. లీటరు నీటికి 2 మి.లీ. అని ఉండాలి. 20 అని పడింది. నేను చూసుకోలేదు. పుస్తకాలు పోస్టులో వెళ్లిపోయిన మూడో రోజు ఒక రైతు ఫోన్ చేశాడు. "అయ్యా, మీరు చెప్పినట్టు కొడితే పురుగుతో పాటు తోట కూడా పోతుంది, ఒకసారి చూసుకోండి" అన్నాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆ సాయంత్రం మొదలుపెట్టి ఆఫీసులో ఉన్న అందరం, టీ తెచ్చే కుర్రాడితో సహా, చందాదారుల రిజిస్టరు ముందేసుకుని పోస్టుకార్డులు రాశాం. ప్రతి కార్డు మీదా "20 కాదు, 2" అని. తెల్లారేసరికి నా వేళ్లు వంగలేదు.

అప్పటి నుంచి విశేషణాల మీద నాకు నమ్మకం పోయింది, అంకెల మీద భయం పట్టుకుంది. అందుకే నీకు నా సలహా: రంగా గారి గురించి అంకెలు చెప్పు. ఆయన స్వతహాగా లెక్కల మనిషి. ఆక్స్‌ఫర్డ్‌లో అర్థశాస్త్రం చదివి వచ్చి మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో పాఠం చెప్పారు. 1926లోనే డెల్టా పల్లెల ఆర్థిక పరిస్థితి మీద ఇంగ్లీషులో పుస్తకం తెచ్చారు. 1930లో చేనేత మీద ఇంకోటి. అంటే నాయకుడయ్యాక పుస్తకాలు రాయించుకున్న మనిషి కాదు. ముందు రాశారు, తర్వాత ఎన్నికల్లోకి దిగారు. మీ సభలో ఈ వరస చెబితే చాలు, తేడా తెలిసిపోతుంది.

ఇంకోటి, నీకు బాగా పనికొచ్చేది. 1933లో నిడుబ్రోలులో ఆయన రైతాంగ విద్యాలయం పెట్టారు. రైతు కార్యకర్తలకి అర్థశాస్త్రం, రాజకీయాలు చెప్పే బడి. నిడుబ్రోలు అంటే మీ ఊరే కదయ్యా, మీ రైల్వే స్టేషన్ బోర్డు మీద ఉన్న పేరే! అక్కడి నుంచి మొదలుపెట్టు.

1936లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ పుట్టింది. సహజానంద సరస్వతి అధ్యక్షుడు, రంగా గారు ప్రధాన కార్యదర్శి. ఆ ఊపులోనే ఇక్కడ రాష్ట్ర రైతు సంఘం ఆధ్వర్యంలో ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా రైతులు నడిచారు. రెండు వేల మందికి పైగా, తొమ్మిది జిల్లాలు, 130 రోజులు, 1,500 మైళ్లు. దారిపొడుగునా ఊళ్లలో అర్జీలు పోగుచేశారు. 1,100కి పైగా. 1938 మార్చి 27న మద్రాసు శాసనసభకి అందించారు. ఏ ఊరి బాధ ఆ ఊరి కాగితం మీదే. నన్నడిగితే రైతు పత్రిక పని అంటే అదీ. మేము రంగుల అట్టలేసి చేసింది కూడా అంతకంటే ఎక్కువేం కాదు.

ఒక జాగ్రత్త. వ్యవసాయ విశ్వవిద్యాలయాన్ని రంగా గారు స్థాపించారని చాలామంది రాస్తారు, నేను ఎన్నిసార్లు కొట్టేశానో! అది 1964లో మొదలైంది. ఆయన పోయింది 1995లో, దానికి ఆయన పేరు పెట్టింది 1996లో.

కౌలు రైతు కొడుకు

తాతగారూ, లెక్కలు చెప్పమన్నారు బాగుంది. మరి ఇంకో వైపు లెక్క ఎవరు చెబుతారు? మా తాతకి సెంటు భూమి లేదు. రంగా గారి మీటింగులకి వెళ్లేవాడట, వచ్చి "ఆయన చెప్పేది భూమున్నోడి కష్టం, మన కష్టం ఇంకోటి" అనేవాడట. భూపరిమితి వద్దన్నారు, ఉమ్మడి సేద్యం వద్దన్నారు. జయంతి నాడు ఇది అనకూడదంటే సరే, ఊరుకుంటాను.

ప్రూఫుల తాత

ఊరుకోవద్దు నాయనా. మీ తాత మాటలో నిజం ఉంది. సొంత భూమి దున్నుకునే రైతే ఆయన లోకానికి కేంద్రం. కౌలుదారు, కూలీ ఆ లోకంలో అంచున ఉన్నారు. ఇది కమ్యూనిస్టులు అప్పుడే అన్నారు. అయితే 1923లోనే, పాతికేళ్లు నిండకుండా, తమ ఇంటి బావిని దళితులకి తెరిచిన మనిషి కూడా ఆయనే. రెండూ చెప్పాలి.

ఉమ్మడి సేద్యం సంగతి కూడా దాచక్కర్లేదు. 1959 జనవరిలో నాగపూర్‌లో కాంగ్రెస్ సహకార సేద్యం తీర్మానం చేసినప్పుడు ఆయన తెనాలి నుంచి అదే పార్టీ ఎంపీ. నోరు మూసుకుని కూర్చుంటే సీటు భద్రం. కూర్చోలేదు. బయటికొచ్చి రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టి తొలి అధ్యక్షుడయ్యారు. 1962లో అదే తెనాలిలో కమ్యూనిస్టు చేతిలో ఓడిపోయారు. ఆయన వాదంతో నేను ఏకీభవించను, మాది కూడా ఎకరంన్నర కుటుంబమే. కానీ నమ్మినదానికి సీటు పోగొట్టుకున్నాడని ఒప్పుకుంటాను.

సిక్కోలు సిరి

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. ఓడిన చోట ఆపేశారు, గెలిచింది కూడా చెప్పండి! ఆ ఏడాదే చిత్తూరు ఉప ఎన్నికలో గెలిచి లోక్‌సభకి వెళ్లారు. 1967లో మా శ్రీకాకుళం నుంచి గెలిచారు. స్వతంత్ర పార్టీ గుర్తు నక్షత్రం. మా మామ్మ చెప్పేది, పక్కింటి గోడ మీద సున్నంతో గీసిన నక్షత్రం ఎన్నికలయ్యాక కూడా చాన్నాళ్లు ఉండిపోయిందట, పిల్లలు దాని మీదే బంతి కొట్టి ఆడుకునేవారట. ఆ సారి దేశం మొత్తం మీద ఆ పార్టీకి 44 సీట్లు. మా జిల్లాలో గౌతు లచ్చన్న గారు ఆయన వెంట ఉన్నారు, ఆ సంగతి వదిలేస్తే మా వాళ్లు ఒప్పుకోరు. 1971లో మాత్రం ఇక్కడే ఓడించేశాం. అది కూడా మా ఖాతాలోనే రాసుకోండి.

ప్రూఫుల తాత

భలే చెప్పావమ్మా. ఆ తర్వాత మళ్లీ కాంగ్రెస్‌లోకే వచ్చి 1980, 1984, 1989లలో గుంటూరు నుంచి గెలిచారు. చివరిసారి గెలిచేనాటికి 89 ఏళ్లు నిండాయి. 1930లో కేంద్ర శాసనసభలో మొదటిసారి అడుగుపెట్టిన మనిషి 1991 దాకా చట్టసభల చుట్టూనే ఉన్నాడు. ఆ ఏడాదే పద్మవిభూషణ్ ఇచ్చారు. పార్టీలు మారలేదా అని సభలో ఎవరైనా అడిగితే, మారారు అని చెప్పు. తడబడకు.

పొన్నూరు చందు

తాతగారూ, సిరి గారూ, అన్నా, అందరికీ దండాలు. రాత్రి కూర్చుని రాశాను. బిరుదు ఒక్కటి కూడా వాడలేదు. మొదలు ఇలా పెట్టాను, చూడండి:

"మనం రోజూ రైలెక్కే నిడుబ్రోలులో 1933లో ఒక బడి పెట్టారు. అందులో పిల్లలు లేరు, రైతులున్నారు. ఆ బడి పెట్టిన రంగా గారి కాలంలోనే ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా రెండు వేల మందికి పైగా రైతులు 130 రోజులు, 15,000 మైళ్లు నడిచి, 1,100 అర్జీలు మోసుకెళ్లారు. ఆ కాగితాల్లో మన వైపు ఊళ్ల పేర్లు ఎన్ని ఉన్నాయో ముందు వరసలో కూర్చున్న పెద్దలు చెప్పాలి."

తర్వాత తెనాలి ఓటమి, నక్షత్రం గోడ, అన్న వాళ్ల తాత అన్న మాట కూడా పెట్టాను, పేరు చెప్పకుండా. సరిపోతుందంటారా?

ప్రూఫుల తాత

బాగుంది. పెద్దల్ని అడగడం ఇంకా బాగుంది. మైళ్లు 1,500 చందూ. ఒక సున్నా ఎక్కువ కొట్టావు.