వేళ్లతో నేర్పే సమానం లెక్కలు: అంకెల వరస మారితే ఎలా?

నాలుగో తరగతిలో 3 + 4 + 5 = __ + 5 లాంటి లెక్కలకు పిల్లలు అన్నీ కూడేసి 17 వేస్తారు, లేదా సమానం గుర్తు దాకా కూడి 12 వేస్తారు. ఆ గుర్తంటే 'జవాబు ఇక్కడ రాయి' అనుకోవడమే కారణం. 3, 4 కింద రెండు వేళ్లు ఆనించి (ఈ రెండూ కలిపితే సరైన జవాబు 7), తర్వాత ఒక్క వేలితో ఖాళీని చూపే పద్ధతి (అమెరికా మనస్తత్వవేత్త సూసన్ గోల్డిన్-మెడో బృందం, 2009) పిల్లలు బాగానే పట్టుకుంటున్నారు.

చిక్కల్లా 5 + 3 + 4 = 5 + __ దగ్గరే. వేళ్లు అలవాటుగా మొదటి రెండంకెల మీదికే పోయి 8 వస్తోంది. ఎడమ చేత్తో ఎడమవైపంతా, కుడి చేత్తో కుడివైపంతా గీసినట్టు చూపించడం ఈ రెండు వేళ్ల పద్ధతికి ముందు చేయించాలా, తర్వాతా? (బోర్డు వైపు తిరిగే చూపిస్తున్నాం, ఎదురుగా నిలబడితే కుడిఎడమలు తారుమారు.)

ఇంకొకటి: నోటితో 12 అంటూనే కుడివైపు 5 మీద వేలు పెట్టే పిల్లలున్నారు. నోరు ఎడమవైపే కూడినా, వేలు కుడివైపునూ గమనిస్తోంది కాబట్టి, నిజానికి నేర్చుకోవడానికి సిద్ధంగా ఉన్నది వీళ్లే. అప్పుడే వివరించాలా, కాసేపు వదిలేయాలా? తరగతిలో చేయించినవాళ్లు చెప్పగలరు.