కొరియా వెండి చెంచాల కాలాన్ని గుర్తించడంలో సహాయం కావాలి

సియోల్‌లోని ఇన్సాదోంగ్ వీధిలో, ఒక పాత వస్తువుల దుకాణంలో కొన్న రెండు చెంచాలు, వాటికి జతగా వచ్చిన చాప్‌స్టిక్‌లు నా దగ్గర ఉన్నాయి. కొరియాలో ఇలాంటి జతను సుజొ అనీ, వెండిదైతే ఉన్‌సుజొ అనీ అంటారు. పెళ్లికీ, అరవయ్యో పుట్టినరోజుకూ కానుకగా ఇవ్వడం అక్కడి ఆనవాయితీ.

చెంచా గుంట దాదాపు గుండ్రంగా, లోతు తక్కువగా ఉంది. తిన్నని సన్నని కాడ చివర నీలం, ఎరుపు రంగుల మీనా పని (లోహంపై కరిగించి అతికించిన రంగు గాజు పూత) మధ్య ఒకదానిపై దీర్ఘాయువును, రెండోదానిపై భాగ్యాన్ని సూచించే చైనా అక్షరాలు ఉన్నాయి. గోర్యో రాజవంశ కాలపు (10–14 శతాబ్దాలు) చెంచాల కాడలు బాగా వంపు తిరిగి, కొన్నింటికి చివర చీలిన తోకలా ఉంటుంది కనుక ఇవి అంత పాతవి కావు. కాడ వెనుక, బియ్యపు గింజంత ముద్రలో కొరియా లిపిలో ‘సునున్’, అంటే స్వచ్ఛమైన వెండి అని ఉంది. గుడ్డు పచ్చసొన తగిలిన చోట గంధకం వల్ల నల్లబడింది కాబట్టి పైపూత వరకైనా వెండేనని నమ్ముతున్నాను. (వెండి చెంచా విషాన్ని పట్టిస్తుందన్న పాత నమ్మకానికీ పాషాణంలో కలిసి ఉండే గంధకమే కారణమంటారు.) అయితే స్వచ్ఛమైన వెండి మెత్తన కదా, ఈ కాడ చేతితో ఎంత నొక్కినా వంగడం లేదు.

ముద్రను బట్టి, మీనా పనిని బట్టి ఇవి ఏ దశాబ్దానివో తెలిసినవారు చెప్పగలరా? మీనా చెడకుండా ఆ నలుపు పోగొట్టే పద్ధతి కూడా తెలిపితే కృతజ్ఞుడిని.