మొరం లోడు టిప్పర్ బాడీ లేపితే ఒక పక్కకు ఒరుగుతోంది, డ్రైవర్లకు ఏ నియమాలు పెట్టాలి?

ఖమ్మం_రోడ్డుపని

అందరికీ నమస్కారం. పల్లె రోడ్డు వెడల్పు చేసే పని నడుస్తోంది. మూడు టిప్పర్లు తిరుగుతున్నాయి, అన్నీ పది టైర్లవే. 16 క్యూబిక్ మీటర్ల బాడీ, క్యాబిన్ వెనకాలే నిలువు జాకీ. మొరం, చెరువు మట్టి తెచ్చి కొత్తగా పోసిన కట్ట మీద అన్‌లోడ్ చేస్తున్నాం.

బాడీ సగం దాకా బాగానే లేస్తోంది. ఆ పైన ఒక బండి కుడివైపు ఒరుగుతోంది. తడి మట్టి ముందు మూలల్లో అతుక్కుని దిగడం లేదు. డ్రైవర్లు బాడీ లేపి ఉంచే కాస్త ముందుకు లాగి బ్రేకు కొట్టి దులుపుతున్నారు. రోడ్డు వెంబడే 11 కేవీ లైను కూడా ఉంది. ఎవరికీ ఏమీ జరగకముందే సైటులో గట్టి నియమాలు పెట్టాలి. నేల ఎంత వాలు ఉంటే బాడీ లేపకూడదు? లైనుకు ఎంత దూరం ఉండాలి? మట్టి అతుక్కుంటే ఏం చేయాలి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

జాకీ_మెకానిక్

అన్నా, ముందు ఆ దులుపుడు ఈరోజే ఆపించండి. మిగతావన్నీ తర్వాత.

జాకీ పని బరువును పైకి తోయడం వరకే. బాడీ పక్కకు పోకుండా పట్టుకునేవి వెనక బాడీ తిరిగే రెండు హింజ్ పిన్నులు, చాసిస్. బాడీ పైకి లేచినకొద్దీ జాకీలో సన్నటి గొట్టాలు బయటికి వస్తాయి. పూర్తిగా సాగినప్పుడు పక్క ఒత్తిడి తట్టుకునే బలం దానికి అన్నిటికన్నా తక్కువ. ఆ స్థితిలో బ్రేకు కొడితే టన్నుల కొద్దీ మట్టి ఒక్కసారిగా ఊగుతుంది. గొట్టం వంగుతుంది, సీళ్లు పోతాయి, లేదా జాకీ పైన పిన్ను బ్రాకెట్ చీలుతుంది. ఒకసారి కాస్త వంగిన జాకీ తర్వాతి లోడుకు నిటారుగా నిలవదు.

వాలు లెక్క ఇలా చూడండి. బాడీ పైకెత్తి, ముందు భాగంలో మట్టి ఇంకా మిగిలి ఉన్నప్పుడు మొత్తం బరువు కేంద్రం నేల నుంచి సుమారు 3.5 మీటర్ల ఎత్తుకు పోతుంది అనుకోండి. ఆ ఎత్తులో నేల ఒక్క డిగ్రీ వాలినా కేంద్రం 6 సెంటీమీటర్లు పక్కకు జరుగుతుంది. ఐదు డిగ్రీలకు 30. బండి మధ్య గీత నుంచి వెనక జంట టైర్ల మధ్యకు ఉన్న దూరం మీటరుకు అటూ ఇటూ మాత్రమే. అందులోంచి 30 పోయాక మెత్తటి నేలలో ఒక పక్క టైర్లు దిగడం, మట్టి ఒకవైపే అతుక్కోవడం, గాలి తోపుడు, ఇవన్నీ కలిస్తే మిగిలేది ఏమీ ఉండదు. కాబట్టి నా మాట: రెండు వైపుల టైర్ల మధ్య, అంటే 2 మీటర్ల వెడల్పులో, ఎత్తు తేడా 7 సెంటీమీటర్లు దాటితే బాడీ లేపొద్దు. అది రెండు డిగ్రీల వాలు. మేస్త్రీల నీళ్ల ట్యూబుతో రెండు నిమిషాల్లో తెలుస్తుంది.

మీది మూడింటిలో ఒకటే ఒరుగుతోంది కాబట్టి నేలతో పాటు ఆ బండిని కూడా అనుమానించాలి. ఖాళీ బండిని సమంగా ఉన్న కాంక్రీటు మీద పెట్టి, బాడీ లేపి, దూరంగా వెనక నిలబడి చూడండి. ఖాళీగా ఉన్నా ఒరిగితే లోపం బండిదే. హింజ్ పిన్ను బుష్ అరిగిందా, కుడివైపు కమాన్ కట్టల్లో పట్టీ విరిగిందా, యూ బోల్టులు వదులయ్యాయా, కుడి జంట టైర్లలో లోపలి దానికి గాలి తగ్గిందా వరసగా చూడండి. లోపలి టైరు సంగతి చాలామంది వదిలేస్తారు. బయటి టైరు బరువు మోస్తుంటే లోపలిది మెత్తబడినా కంటికి తెలియదు. గేజితో కొలవాల్సిందే.

గని_భద్రత

పై లెక్కతో ఏకీభవిస్తాను. కాకపోతే కొత్త కట్ట మీద వాలు కన్నా ముందు అంచు ప్రమాదం ఉంటుంది. నీళ్ల ట్యూబు సమంగా చూపించినా, రోలర్ తిరగని మట్టి లోడు వెనక ఇరుసు మీదికి రాగానే కుంగుతుంది. బాడీ లేస్తున్నకొద్దీ బరువు వెనక్కు జారుతుంది కదా, కుంగడం సరిగ్గా అప్పుడే మొదలవుతుంది.

కట్ట ఎత్తు ఎంతో, అంచు నుంచి చక్రాల దూరం కనీసం అంత ఉండాలి. 3 మీటర్ల కట్ట అయితే 3 మీటర్లు లోపలే. అంచు దాకా పోసే పని టిప్పర్‌ది కాదు. లోపల గుట్ట పోస్తే గ్రేడరో డోజరో తోస్తుంది. దీనికి కుప్పల మధ్య దూరం ముందే లెక్క వేయండి. ఒక్కో లోడు 10 క్యూబిక్ మీటర్లు, పొర మందం 25 సెంటీమీటర్లు, వెడల్పు 4 మీటర్లు అయితే ప్రతి 10 మీటర్లకు ఒక కుప్ప చాలు. సున్నంతో గుర్తు పెడితే డ్రైవర్ ఎక్కడ ఆగాలో వెతుక్కోడు, అంచు వైపు పోడు. అంచున లోడు దించాల్సిందే అనుకున్న చోట మట్టి గట్టు వేయండి. గనుల్లో వాడే లెక్క ప్రకారం గట్టు ఎత్తు పెద్ద బండి టైరు వ్యాసానికి తగ్గకూడదు, పది టైర్ల టిప్పర్‌కు అది మీటరు పైమాటే. గట్టును చక్రం ఆపుకునే అడ్డుగా వాడకూడదు, అది అంచు ఎక్కడుందో చూపించే గుర్తు మాత్రమే.

రివర్స్ గురించి మీరు అడగలేదు. అయినా చెప్పాలి, ఎందుకంటే సైటులో మనుషులు చనిపోయేది ఎక్కువగా అక్కడే. క్లీనర్ బండి వెనకాల నడుస్తూ "రా రా" అనడం మానిపించండి. అతను డ్రైవర్ వైపు, వెనక మూల నుంచి నాలుగైదు మీటర్లు పక్కగా, అద్దంలో కనిపించే చోటే నిలబడాలి. అద్దంలో మనిషి కనిపించకపోతే బండి ఆగాలి, హారన్ కొట్టి వెతకడం కాదు. సైగ చేసేది ఒక్కరే. ఆపమనే సైగ మాత్రం ఎవరు చేసినా ఆగాలి. రివర్స్ హారన్ పని చేయని బండికి ఆ రోజు ట్రిప్పు ఇవ్వొద్దు. కూలీలు మధ్యాహ్నం నీడ కోసం ఆగి ఉన్న టిప్పర్ కింద పడుకుంటారు. బండి ఎక్కే ముందు డ్రైవర్ చుట్టూ ఒకసారి తిరిగి, వంగి కింద చూడటం తప్పనిసరి చేయండి.

బాడీ లేస్తున్నప్పుడు రెండు పక్కలా 10 మీటర్లు ఎవరూ ఉండకూడదు. పక్క పక్కనే రెండు టిప్పర్లు ఒకేసారి అన్‌లోడ్ చేయకూడదు.

లైన్_ఇన్‌స్పెక్టర్

కరెంటు విషయం నేను చెబుతాను. 11 కేవీ లైను రోడ్డు దాటే చోట 6.1 మీటర్లు, రోడ్డు వెంబడి 5.8 మీటర్లు ఉండాలని నిబంధన. రోడ్డు కాని చోట, అంటే పొలాల మీదుగా, 4.6 మీటర్లే. ఇప్పుడు బాడీ కొలవండి. 5 మీటర్ల పొడవు బాడీ 50 డిగ్రీలు లేస్తే ముందు అంచు దాదాపు 3.8 మీటర్లు పైకి పోతుంది. హింజ్ నేల నుంచి 1.2 మీటర్ల ఎత్తులో ఉంటుంది. ముందు గోడ, క్యాబిన్ మీది రేకు కలుపుకుంటే మొత్తం 6 నుంచి 6.5 మీటర్లు. అంటే లైను నిబంధన ప్రకారం సరైన ఎత్తులో ఉన్నా తగులుతుంది. పైగా మీరు కట్ట పోస్తున్నారు. మీటరు మట్టి వేస్తే లైను మీటరు కిందికి వచ్చినట్టే.

అందుకే లైనుకు ఇరువైపులా 10 మీటర్ల చొప్పున సున్నం గీత గీసి, ఎర్ర జెండాలు పెట్టి, ఆ మధ్యలో బాడీ లేపడం పూర్తిగా నిషేధించండి. ఆ చోట మట్టి తప్పనిసరి అయితే బయట దించి డోజర్‌తో తోయించండి. అది కూడా కుదరకపోతే మీ కరెంటు ఆఫీసు ఏఈని (అసిస్టెంట్ ఇంజనీర్) అడిగి ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైను ఆపి పని చేసే అనుమతి) తీసుకుని, లైను ఆపి ఎర్త్ చేశాకే పని. ఫోనులో "కరెంటు తీశాం" అన్న మాట మీద పని మొదలుపెట్టొద్దు.

తగిలిందే అనుకోండి. డ్రైవర్ క్యాబిన్‌లోనే ఉండాలి. లివర్ లోపలే ఉంటుంది కాబట్టి వీలైతే బాడీ దించాలి. మిగతావాళ్లు 10 మీటర్ల దగ్గరికి రాకూడదు, బండిని ముట్టుకోకూడదు. 1912కు ఫోన్ చేయాలి. లైను ట్రిప్ అయి నిశ్శబ్దంగా ఉన్నా నమ్మొద్దు, సబ్‌స్టేషన్ నుంచి మళ్లీ చార్జ్ చేస్తారు. బండికి మంటలు అంటుకుంటే మాత్రమే దిగాలి. అదీ మెట్టు పట్టుకుని కాదు. చేతులు దగ్గరికి పెట్టుకుని, రెండు పాదాలు కలిపి దూరంగా దూకాలి. ఒక కాలు నేల మీద, ఒక చెయ్యి బండి మీద ఉంటే మనిషి గుండా కరెంటు పోతుంది. దూకాక పెద్ద అడుగులు వేయకూడదు, పాదాలు నేలకు రాస్తూ చిన్నగా జరుగుతూ దూరం పోవాలి. నేలలో అడుగడుగుకూ వోల్టేజీ మారుతుంది కనుక.

ఇంకో విషయం తెలియనివాళ్లు ఎక్కువ. హైవోల్టేజీ తగిలిన టైర్లు లోపల రాజుకుని గంటల తర్వాత పేలొచ్చు. ఆ బండిని 24 గంటలు మనుషులకు దూరంగా వదిలేయాలి.

ఖమ్మం_రోడ్డుపని

చాలా కృతజ్ఞతలు అందరికీ. లైను లెక్క చూశాక భయం వేసింది, రేపే గీతలు వేయిస్తాను. రెండు సందేహాలు. అతుక్కున్న మట్టిని బ్రేకు కొట్టకుండా ఎలా దించాలి? ఇంకోటి, బాడీ నిండా మట్టి పోస్తే ఓవర్‌లోడా? డ్రైవర్లు "బాడీకి సరిపడానే కదా" అంటున్నారు.

జాకీ_మెకానిక్

ఓవర్‌లోడే అన్నా, అదీ చాలా ఎక్కువ. ఈ పది టైర్ల బండి మొత్తం బరువు 28 టన్నులు దాటకూడదు. ఖాళీ బండే 11, 12 టన్నులు ఉంటుంది. అంటే సరుకు 16 టన్నులు. వదులు మొరం క్యూబిక్ మీటరు 1.6 టన్నులు తూగుతుంది, కాబట్టి 10 క్యూబిక్ మీటర్లు, మన లెక్కలో మూడున్నర యూనిట్లు (యూనిట్ అంటే వంద ఘనపు అడుగులు). జేసీబీ ముందు బకెట్‌తో పది బకెట్లు. 16 క్యూబిక్ మీటర్లు నింపితే 25 టన్నులు దాటుతుంది. బాడీ కొలత తేలిక సరుకును దృష్టిలో పెట్టుకుని ఇచ్చింది, మొరానికి కాదు. లోపలి గోడ మీద 10 క్యూబిక్ మీటర్ల ఎత్తులో పెయింటుతో గీత గీయండి, జేసీబీ ఆపరేటర్‌కు అది చాలు. పట్టుబడితే 20,000, ఆ పైన అదనపు టన్నుకు 2,000 చొప్పున. తొమ్మిది టన్నులు ఎక్కువైతే 38,000. జరిమానా ఒక ఎత్తు, బ్రేకులు ఒక ఎత్తు. దిగుడులో అంత బరువుతో వస్తే డ్రమ్ములు కాలి పెడల్ తొక్కినా పట్టదు.

2025 నవంబర్ 3న చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో కంకర టిప్పర్ ఆర్టీసీ బస్సును ఢీకొన్నప్పుడు కంకర బస్సులోకి పడి మనుషులు దాని కింద కూరుకుపోయారు. రోడ్డెక్కే ప్రతి టిప్పర్‌లో సరుకు అంచు కన్నా కిందే ఉండాలి, పైన టార్పాలిన్ కట్టి ఉండాలి.

ఇక అతుక్కునే మట్టి. నింపే ముందు అడుగున, ముందు మూలల్లో క్రషర్ డస్ట్ పలచగా చల్లండి. తడి మట్టిని ముందు గోడకు ఆనించి కుక్కొద్దు, మధ్యకు, కాస్త వెనక్కు పోయించండి. దించేటప్పుడు మొదట వెనక డోరు లాకులు తీసి, డోరు కదులుతోందో లేదో చూసి, అప్పుడే లివర్. డోరు తెరుచుకోకుండా బాడీ లేపితే బరువంతా చివరికి చేరి ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి. మట్టి కదలకపోతే బాడీ పూర్తిగా దించేయాలి. దించాక జేసీబీ బకెట్‌తో గీకించాలి. లేపి ఉన్న బాడీలోకి పార పట్టుకుని ఎక్కడం ఎవరికీ అనుమతి ఉండకూడదు.

ఒరుగుతోంది అనిపించిన క్షణం లివర్ దించే వైపు పెట్టడమే, స్టీరింగ్ తిప్పి సరిచేయాలని చూడొద్దు. డ్రైవర్ బెల్టు పెట్టుకుని, తలుపు మూసుకుని ఉండాలి. బోల్తా పడుతున్న బండి నుంచి దూకినవాడి మీదే క్యాబిన్ పడుతుంది.

గని_భద్రత

ఇంకో రెండు మాటలు. గ్రీజు పెట్టడానికో హోస్ మార్చడానికో బాడీ కిందికి దూరేటప్పుడు, బాడీ ఖాళీగా ఉండాలి. బండితో వచ్చిన ఆనుడు రాడ్ నిలబెట్టి, బాడీని దాని మీద ఆనేదాకా దించి, ఇంజన్ ఆపి, తాళం కిందికి దూరే మనిషి జేబులో పెట్టుకోవాలి. రాడ్ పోయిందని చెక్క దిమ్మ పెడితే అది జారుతుంది. హోస్ పగిలితే బాడీ కిందికి రావడానికి పక్కకు తప్పుకునేంత సమయం కూడా పట్టదు.

అన్‌లోడ్ అయ్యాక వరస ఇది: బాడీ పూర్తిగా కూర్చోవాలి, పీటీఓ (ఇంజన్‌తో జాకీ పంపును తిప్పే గేరు) తీసేయాలి, దాని లైటు ఆరాలి, వెనక డోరు లాకులు వేయాలి, జంట టైర్ల మధ్య రాయి ఇరుక్కుందేమో చూడాలి. పీటీఓ తీయకుండా రోడ్డెక్కితే పంపు తిరుగుతూనే ఉంటుంది. లివర్‌కు చెయ్యి తగిలినా బాడీ లేస్తుంది, డ్రైవర్‌కు వెనక కనపడదు. బాడీ లేచి ఉంటే మోగే బజర్ ఆ మూడు బండ్లలో పనిచేస్తోందో లేదో రేపు పొద్దున మొదటి ట్రిప్పుకు ముందే పరీక్షించండి. మోత భరించలేక వైరు పీకేసి ఉంటారు, స్విచ్ దగ్గర చూడండి.