పసి నక్షత్రాల జెట్‌లో ముడులు: మూలంలోనే పడతాయా, దారిలోనా?

సిరొంచ కుర్రాడు:
పసి నక్షత్రం రెండు ధ్రువాల వైపూ వాయువును సెకనుకు 100–300 కి.మీ. వేగంతో చిమ్ముతుంది. ఆ జెట్ నున్నగా ఉండక, మెరిసే ముడులు ముడులుగా ఎందుకుంటుంది? నా ఓటు దారిలోని అస్థిరతకే. జెట్‌కీ చుట్టూ ఉన్న వాయువుకీ మధ్య రాపిడితో అలలు లేస్తాయి, అవి పెరిగి జెట్‌ను నొక్కుతాయి, షాక్‌లు (వాయువు గుద్దుకుని ఒక్కసారిగా నొక్కుకుపోయి వేడెక్కే చోట్లు) పుడతాయి. నక్షత్రం ఆగి ఆగి ఊదుతోందని అనుకోవాల్సిన పనేముంది?

పర్లాకిమిడి మాస్టారు:
పని ఉంది బాబూ. ఒరాయన్ నక్షత్రరాశిలోని హెర్బిగ్–హారో 212 అనే జెట్ ఫొటో చూడు. ఒక వైపు ఎంత దూరంలో ముడి ఉందో, అవతలి వైపూ దాదాపు అంతే దూరంలో దాని జత ఉంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు దారుల్లో రాపిడి ఇంత లెక్కగా ముడులు వేస్తుందా? మూలంలోనే వేగం మారుతోంది. మా కొరాపుట్ ఘాట్‌లో లోడు లారీ వెనక బస్సులు పోగుపడ్డట్టు, వెనక వేగంగా వచ్చిన వాయువు ముందున్న మందకొడి వాయువును అందుకుని గుద్దుతుంది. వెలుగు అక్కడిదే.

ఇంకో సంగతి. కొన్నేళ్ల తేడాతో హబుల్ టెలిస్కోప్ తీసిన ఫొటోల్లో ముడులు దాదాపు జెట్ వేగంతోనే కదిలాయి. వర్ణపటం చూస్తే షాక్ మాత్రం సెకనుకు కొన్ని పదుల కి.మీ. స్థాయిదే. నిలిచి ఉన్న వాయువును గుద్దుకుంటే ఇంత మెత్తగా ఉండదు.

బరంపురం అక్క:
మాస్టారూ, మూలంలో వేగం మారుతుందంటే సగం జవాబే. ఎందుకు మారుతుంది? 1936–37లో ఎఫ్‌యూ ఒరయొనిస్ అనే పసి నక్షత్రం వంద రెట్లకు పైగా వెలిగింది, చుట్టూ తిరిగే వాయువు, ధూళి పళ్లెంలోని పదార్థం ఒక్కసారిగా మీద పడి. అంతటి ఉబుకు చాలా అరుదు. మూలానికి దగ్గర ముడులేమో కొన్నేళ్లకో, కొన్ని దశాబ్దాలకో ఒకటి; కాబట్టి అన్నిటికీ అదే కారణం అనలేం. అయస్కాంత క్షేత్రాన్ని వదిలేశారు మీరిద్దరూ. లండన్ ఇంపీరియల్ కాలేజీలో సన్నని తీగల్లోకి భారీ కరెంటు పంపి ప్లాస్మా (విద్యుదావేశమున్న వాయువు) జెట్ పుట్టిస్తే, ఆ కరెంటు అయస్కాంత క్షేత్రం వల్ల అది మెలితిరిగి గడ్డలు గడ్డలుగా తెగింది.

సిరొంచ కుర్రాడు:
(ప్రాణహిత ఒడ్డున సిగ్నల్ ఒక గీతే, అందుకే ఆలస్యం.) మాస్టారూ, జత కుదరని జెట్‌ల మాటేమిటి? ఆర్‌డబ్ల్యూ ఆరిగే అనే పసి నక్షత్రం జెట్‌లో రెండు వైపుల వేగాలకే దాదాపు రెండింతల తేడా!

పర్లాకిమిడి మాస్టారు:
వేగం వేరైతే కలిసి బయల్దేరినా దూరాలు కలవవు. దూరాన్ని వేగంతో భాగించి, బయల్దేరిన కాలాలు పోల్చు. అవీ కలవకపోతే అప్పుడు నీ రాపిడి గురించి మాట్లాడదాం.